గాలి చాలని మంట

మేకు భార్యను చంపింది గుండె కాదు, స్నానాలగదిలో నీళ్లు కాచే గ్యాసు మిషను. గ్యాసు పొదుపవుతుందని చెప్పి ఆ మంటకి గాలి తగ్గించి పోయిన మెకానిక్కు ఒకడు. గదిలోకి తొంగి కూడా చూడకుండా గుండెపోటని రాసి చేతులు దులుపుకున్న పోలీసు ఒకడు. ఇద్దరూ కలిసి చంపారు. ఇందులో వాదించడానికేమీ లేదు. మేకు వాదించడం మానేసి చాలాకాలమైంది.

మేకు అన్నది కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు. పోలీసు ఉద్యోగంలో ఉండగా పడింది. దిగితే గోడ పగలాలే తప్ప మేకు ఊడి రాదని. ఆ పేరు పెట్టినవాడే ఆ గుండెపోటు రాసినవాడు. అప్పుడు ఎస్సై, ఇప్పుడు ఇన్‌స్పెక్టరు. ఉద్యోగం వదిలేశాక మేకు సొంతంగా పరిశోధనలు చేసుకుంటున్నాడు. ఇన్‌స్పెక్టరు ముఖం చూడవలసిన అవసరం ఇన్నేళ్లలో రాలేదు. ఇవాళ వచ్చింది.

సిమెంటు ఫ్యాక్టరీ కొలిమి దగ్గర నిన్న పొద్దున ఒక మనిషి కాలిపోయాడు. కొలిమికి బర్నరు అమర్చిన కంపెనీ పంపిన నిపుణుడు. మంట ఒళ్లు చూసి జబ్బు చెప్పగలడని అతన్ని అందరూ మంటల వైద్యుడు అనేవారు. బొగ్గు వాడకం తగ్గించడానికి వచ్చినవాడు, కొలిమి మూతి దగ్గర మంటను చూసే కంత తలుపు తీసి, బయటికి దూకిన నిప్పులో ముఖం పోగొట్టుకున్నాడు. తప్పు తమ మనిషిదో ఇంకొకరిదో తేల్చమని బర్నరు కంపెనీ మేకును పంపింది.

ఇన్‌స్పెక్టరు అప్పుడే తేల్చేశాడు. కంట్రోలు రూములో కూర్చుని కొలిమిని నడిపే ఆపరేటరును పట్టుకుని గేటు పక్క సెక్యూరిటీ గదిలో కూర్చోబెట్టాడు. సాయంత్రం స్టేషనుకు తీసుకుపోతాడు. ఆ ఆపరేటరు పోయినవాడికి పరాయివాడు కాదు. తోడబుట్టిన చెల్లెలి మొగుడు.

మేకు ముందు ఆ చెల్లెలి దగ్గరికి వెళ్లాడు.

ఫ్యాక్టరీ క్వార్టర్సులో రెండు గదుల ఇల్లు. ఆమె నేల తుడుస్తోంది. ఏడుపు లేదు. గుడ్డ పిండి, బకెట్లో ముంచి, మళ్లీ పిండుతోంది. ఆ నీళ్ల చప్పుడు వినలేక మేకు గుమ్మం బయటే నిలబడ్డాడు.

“రండి బాబాయిగారూ. కుర్చీ మీద దుమ్ము లేదు, ఇప్పుడే తుడిచాను. కూర్చుంటే సరే, లేకపోతే మళ్లీ పడుతుంది.”

మేకు కూర్చున్నాడు.

“నాకు న్యాయం గీయం వద్దండి,” అంది ఆమె. “ఒక్కటి చెప్పండి చాలు. రాత్రి నేను మా అన్నను చంపినవాడి పక్కన పడుకున్నానా? అవునంటే అవునని చెప్పండి. కాదంటే కాదని. నడిమధ్య మాటలు నాకొద్దు.”

“ఇద్దరికీ గొడవైందట.”

“అయింది. మొన్న అన్నం దగ్గర. అన్నయ్య జేబులోంచి ఇది తీసి కంచం పక్కన పెట్టాడు.” ఆమె కిటికీ గట్టు మీది నుంచి ఒక రాయి తెచ్చింది. ఉసిరికాయంత ఉంది. రెండు చెక్కలుగా పగలగొట్టారు. పైన బొగ్గులా నలుపు, లోపల తుప్పు రంగు.

“కొలిమిలో కాలి వచ్చే రాయండి ఇది. దీన్ని నూరితేనే సిమెంటు. పొట్టలో కూడా నల్లగా ఉండాలట. ‘చూడు బావా, ఊపిరాడక చచ్చిన రాయి ఇది. మంటకి గాలి లేదు. నువ్వు తగ్గిస్తున్నావు’ అన్నాడు అన్నయ్య. ‘నేనా తగ్గించేది? మేనేజరు దించమంటే దించుతున్నా. నువ్వు బర్నరు బిగించి పోతావు, ఇక్కడ ఉండాల్సింది నేను’ అని ఈయన. ‘పొదుపంటే మంటకి కడుపు మాడ్చడం కాదు. రేపు మీటింగులో ఓనరు ముందు చెప్పేస్తా’ అని అన్నయ్య. ‘చెప్పు, చెప్పి నా కొంప ముంచు’ అని ఈయన. ఇద్దరూ తినకుండా లేచారు. ఆ అన్నం వీధి కుక్కకి పెడితే అది కూడా ముట్టలేదు. దానికీ ఎవరి పక్షమో తేలలేదేమో.”

‘ఊపిరాడక చచ్చిన’ అనే మాట దగ్గరే మేకు ఆగిపోయాడు. ఎక్కడో ఒక బకెట్టు నిండి పొర్లుతోంది. చూస్తే ఆమె బకెట్టు కదలకుండా ఉంది. ఈ చప్పుడు అతనికి కొత్త కాదు. ఆ రోజు స్నానాలగది తలుపు అవతల నీళ్లు పడుతూనే ఉన్నాయి. పడుతున్నాయి గనక లోపల మనిషి ఉందనుకున్నాడు. అప్పటినుంచి మూసిన తలుపు ఎక్కడ కనిపించినా దాని వెనక నీళ్లు పడతాయి.

“మీ అన్న తొందరపాటు మనిషా?”

“ఆయనా? పొయ్యి మీద పాలు పెడితే పొంగేదాకా పక్కనుంచి కదలడు. దారం చూడకుండా ఆ తలుపు ముట్టుకోడు బాబాయిగారూ.”

“ఏం దారం?”

“నా పాత స్వెట్టరు విప్పి ఇచ్చాను. ఎర్ర ఊలు దారం. ఆ కంత పక్కన కట్టుకున్నాడు. తలుపు సందులోకి దారం లాగుతుంటే కొలిమి లోపలికి పీలుస్తోందని, తియ్యొచ్చని. బయటికి ఎగురుతుంటే కొలిమి ఊదుతోందని, తియ్యకూడదని. అంతింత మిషన్లు పెట్టుకుని దారమేంటన్నయ్యా అంటే, ‘మిషను అబద్ధం చెప్పొచ్చు. నీ స్వెట్టరు చెప్పదే’ అనేవాడు.”

“ఇది పోలీసులకి చెప్పారా?”

“చెప్పడానికి వాళ్లు అడగాలిగా. ఇన్‌స్పెక్టరు ఈ గుమ్మం తొక్కలేదు. ఆడవాళ్లతో పనేముందన్నాడట.”

రాయి చెక్క ఒకటి అడిగి తీసుకుని మేకు లేచాడు.

సెక్యూరిటీ గది బయట గార్డు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నడుముకి వాకీటాకీ సెట్టు వేలాడుతోంది.

“ఇన్‌స్పెక్టరు ఏడి?”

“మేనేజరుగారి గదిలో టీ తాగుతున్నారండి. ఒకే ఇంటి అల్లుళ్లు కదా, తోడల్లుళ్లిద్దరూ ఒకే కప్పులో తాగినా తాగుతారు.” అనేసి గార్డు నాలిక కరుచుకున్నాడు. “నేనన్నానని అనకండి.”

లోపల బల్ల మీద ఆపరేటరు. ముప్పై దాటిన మనిషి. చేతులు ఒడిలో పెట్టుకుని, ఎవరో అక్కడ పెట్టి మరిచిపోయిన సామానులా ఉన్నాడు.

“పొగను వెనక్కి లాగే ఫ్యాను తగ్గించావు. ఎందుకు?”

“మేనేజరు ఫోన్ చేశాడు సార్. పదింటి సైరను కూసిన వెంటనే. ఓనరు వచ్చే రోజు, గాలీ బొగ్గూ రెండూ దించు, బొగ్గు వాడకం అంకె బాగుండాలి అన్నాడు. దించాను.”

“చెయ్యలేదంటున్నాడట.”

“లోపలి ఫోను సార్. చెయ్యలేదంటే చెయ్యనట్టే. దానికి గోడలే సాక్ష్యం.”

“ఆ ఫ్యాను దించితే కొలిమి మూతి మంటను బయటికి తంతుంది. తెలీదా?”

“తెలియకపోవడమేంటి సార్. తెర మీద మూతి పీల్పు అంకె చూసుకుంటూనే దించాను. ఆ అంకె ఇసుమంత కూడా కదల్లేదు.”

“ఫ్యాను దిగింది, అంకె కదల్లేదు. అనుమానం రాలేదా?”





“వచ్చింది. ఫోన్లోనే అడిగాను. ‘మీ బావ దొంగగాలి దూరే సందులన్నీ మూయించాడు కదయ్యా, అందుకే నిలకడగా ఉంది’ అన్నాడు మేనేజరు. బావ పేరు చెప్పేసరికి నమ్మేశాను.”

“మీ బావ పైన ఉన్నాడని తెలుసా?”

“తెలీదు. మీటింగుకి పోయాడనుకున్నా. ఆ తర్వాత సెట్లో అరుపు.” అతను నుదురు రుద్దుకున్నాడు. “అది బావ గొంతని గుర్తుపట్టలేదు సార్. ఇరవై నాలుగ్గంటలూ వినే గొంతు, గుర్తుపట్టలేదు. ఫ్యాక్టరీ అంతా ఒకే లైను కదా, అందరూ విన్నారు. సెట్టు మీట నొక్కుకునే పడిపోయాడు. ఒకడు నొక్కి పట్టుకుంటే ఇంకొకడు మాట్లాడలేడు. ఆ వేలు విడదీసేదాకా కొలిమి హోరు, ఆయన మూలుగు వింటూనే ఉన్నాం. ఒక్క మాట అనడానికి లేదు. ‘బావా’ అని పిలవడానికి కూడా లేదు.”

మేకు ఓదార్చలేదు. ఓదార్పు అతని దగ్గర లేదు. “కట్టుకున్న దారం చూశావా ఎప్పుడన్నా?”

“ఏదో దారం కట్టాడని విన్నా. పైకి పోయి చూడలేదు సార్. నాది తెర ముందు ఉద్యోగం.”

కొలిమి మేస్త్రి మెట్ల దగ్గర కాచుకుని ఉన్నాడు. పొట్ట ముందుకొచ్చిన మనిషి. పైకి ఎక్కేటప్పుడు పద్ధతి ప్రకారం మేకుకి ఒక సెట్టు ఇచ్చాడు. దాని అంచు ఒకచోట కరిగి మళ్లీ గడ్డకట్టి ఉంది.

“ఇది ఆయనదేనండి. వేరేది ఖాళీ లేదు. మీకేం పట్టింపు లేదుగా?”

“పనిచేస్తుందా?”

“ఎందుకు చెయ్యదండీ. అవసరానికి మించి చేస్తోంది. నిన్నటినుంచి మీట నొక్కకుండానే అందులోంచి ఊపిరి వినిపిస్తోంది. కంట్రోలు రూములో కుర్రాళ్లు దీన్ని తాకట్లేదు. నేనూ తాకేవాణ్ని కాదు, మా ఆవిడంటే ఉన్న భయం కంటే ఇది ఎక్కువ కాదని తెచ్చా.”

మేకు సెట్టు చెవి దగ్గర పెట్టుకున్నాడు. సన్నటి గరగర. ఊపిరి కాదు. నీళ్లు. జేబులో పడేసుకున్నాడు.

పైన ఇనప అరుగు. ఎదురుగా కొలిమి మూతి, దాని నడిబొడ్డులోంచి లోపలికి దూరిన బర్నరు గొట్టం. బొగ్గుపొడి, గాలి రెండూ అందులోంచే పోతాయి. హోరుకి కాళ్ల కింద రేకు వణుకుతోంది. నేల మీద ఎవరో నీళ్లు పోసి కడిగారు. కడిగినచోట ఒక్కటే దుమ్ము లేదు, మనిషి ఆకారం కంటే కొంచెం వెడల్పుగా.

కంత తలుపు పక్కన దారం ఉంది. కొస తలుపు సందువైపు తిరిగి, లోపలికి లాగుతున్నట్టు నిలబడింది.

“పీలుస్తోందండి,” అన్నాడు మేస్త్రి, తలుపు పిడి మీద చెయ్యి వేస్తూ. “చూపిస్తా ఉండండి.”

“చెయ్యి తియ్.”

మేకు వంగాడు. వేలితో దారాన్ని కిందికి వంచి వదిలాడు. అది ఊగలేదు. చీపురుపుల్లలా వెనక్కి లేచి నిలబడింది. గోటితో గీరితే బూడిదరంగు పొడి రాలి, కింద దారం బయటపడింది.

“కొలిమి ఇటుకలు అతికే ముద్దలో ముంచి ఆరబెట్టారు,” అన్నాడు. “గాలి ఎటు కొట్టినా ఇది లోపలికే చూపిస్తుంది. దీని రంగేంటి?”

“ఎరుపండి,” అన్నాడు మేస్త్రి చూడకుండానే. తర్వాత చూశాడు. పొట్ట లోపలికి పోయింది. “ఇదేంటండీ? తెల్లగా ఉంది! మొన్న సాయంత్రం కూడా ఎర్రగానే ఉంది. నా కళ్లారా చూశా. హడావుడిలో కొస ఎటుందో చూస్తాడు గానీ, రంగెవడు చూస్తాడండీ?”

తెల్లదారం ముడి కింద, కొక్కెం సందులో, ఎర్ర ఊలు నూగు ఇంకా అంటుకుని ఉంది. పాతది కోసినవాడు ముడి విప్పే ఓపిక లేక కోశాడు. మేకు జేబుకత్తి తీసి కొక్కెం మొదట్లో దారం కోసి, ముడి చెదరకుండా కాగితంలో మడిచాడు.

తర్వాత గోడ వెంట చూపు పోనిచ్చాడు. మూతిలోంచి పెన్సిలంత సన్న గొట్టం ఒకటి బయటికొచ్చి పీల్పు కొలిచే పెట్టెలోకి పోతోంది. మధ్యలో చిన్న వాల్వు. గొట్టం మీద వేలు మందాన దుమ్ము. వాల్వు పిడి మీద మాత్రం లేదు.

“ఇది మూసుంది. మూస్తే ఏమవుతుంది?”

“పాత అంకె అక్కడే నిలిచిపోతుందండి. గడియారం ఆగినా ముల్లు ఏదో ఒక టైము చూపిస్తుంది కదా, అలా.”

మేకు సెట్టు తీసి మీట నొక్కాడు. “కంట్రోలు రూమ్. మూతి అంకె చూస్తూ ఉండండి.” మేస్త్రికి సైగ చేశాడు. వాల్వు తెరుచుకుంది.

సెట్లో కాసేపు గరగర. తర్వాత ఒక గొంతు కీచుగా అరిచింది. “ఊదుతోంది సార్! బయటికి తంతోంది! ఎవరూ తలుపు తియ్యకండి, ఫ్యాను పెంచుతున్నా!”

మేస్త్రి తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని చూసుకున్నాడు, అది ఇంకా ఉందా లేదా అన్నట్టు.

ఫ్యాను హోరు పెరిగింది. మేస్త్రి తలగుడ్డ కొస తలుపు సందు దగ్గర పట్టుకున్నాడు. గుడ్డ లోపలికి లాగింది. ఒకటికి మూడుసార్లు చూసుకుని తలుపు తీసి, జేబులోంచి నీలం అద్దం తీసి ఇచ్చాడు. “ఇందులో రంగు తెలీదండి. నడక తెలుస్తుంది. బాగున్న మంట పొట్టిగా, బిగువుగా, కోసుగా పోతుంది. ఇది చూడండి.”

మేకు చూశాడు. మంట పొడుగ్గా, బద్ధకంగా వేలాడుతోంది. కొసలు తెగి, దేనికోసమో తడుముకుంటున్నాయి. ఈ నడక అతనికి తెలుసు. స్నానాలగది మిషను చిన్న కిటికీలో, రెండు వేళ్ల వెడల్పున ఇదే నడక. ‘మంట రంగు మారిందండీ, మళ్లీ వాణ్ని పిలవండి’ అంది భార్య. పిలిచాడు. వాడొచ్చాడు. ‘పొదుపమ్మా, అలాగే ఉంటుంది’ అన్నాడు. ఆకలిగొన్న మంట గదిలో గాలంతా తాగి, అది చాలక మనిషిని తాగింది.

అద్దం వెనక ఎవరో నిలబడ్డట్టు అనిపించింది. తడి జుట్టు. మేకు అద్దం తిరిగి ఇచ్చేశాడు.

“నిన్న పైకి ఎవరొచ్చారు?”

మేస్త్రి మెట్లవైపు చూసి గొంతు తగ్గించాడు. “సైరనుకి ముందు మేనేజరొచ్చాడండి. మంట చూస్తానన్నాడు. నన్ను బొగ్గుమిల్లు దగ్గరికి పంపేశాడు. ఏం చూశాడో మరి, నీలం అద్దం నా జేబులోనే ఉండిపోయింది. వట్టి కళ్లతో చూస్తే వారం మండుతాయి. ఆయన కళ్లు దివ్యంగా ఉన్నాయి.”

“తర్వాత?”

“సైరను కూసింది. కాసేపటికి మంటల వైద్యుడు మీటింగుకి పోతున్నాడు, చంకలో ఫైలు. మేనేజరు ఎదురెళ్లి చెవిలో ఏదో అన్నాడు. ఈయన గిరుక్కున తిరిగి మెట్లెక్కాడు. మిల్లు దగ్గర్నుంచి చూశా.”

“పోలీసులకి చెప్పావా? దారం సంగతి?”

“మేనేజరు మీద మేనేజరు తోడల్లుడికా చెప్పేది? నాకేం పిచ్చా అండీ. దారం ఊసు ఎత్తలేదు. వాళ్లు అడగనూ లేదు.”

మేకు కిందికి దిగేసరికి ఇన్‌స్పెక్టరు సెక్యూరిటీ గదిలో కుర్చీ వెనక్కి వాల్చి కూర్చున్నాడు. జుట్టుకి రంగు వేశాడు. అదొక్కటే మార్పు.

“ఏం మేకన్నా! ఇంకా తుప్పు పట్టలేదా?”

“గోడ మిగిలుందిగా.”

ఇన్‌స్పెక్టరు నవ్వి, గార్డుతో ఆపరేటరును గేటు దగ్గరికి తీసుకుపొమ్మన్నాడు. వాళ్లు దూరం పోయేదాకా ఆగి తలుపు మూశాడు. మూసిన తలుపు అవతల నీళ్లు పడటం మొదలైంది. మేకు కుడిచెయ్యి జేబులో పెట్టుకుని నిలబడ్డాడు.

“గార్డు సెట్లో విన్నాలే నీ వాల్వు సంగతి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. “మీ బర్నరాయనే ఏదో రిపేరుకి మూసి మరిచిపోయుంటాడు. చెల్లెలి మొగుడికి ఆయన మీద కడుపుమంట. ఫ్యాను దించాడు. కేసైపోయింది. నువ్వు పైన కత్తి తీసి ఏదో కోశావు, కిందినుంచి చూశా. అది ఇచ్చేసి ఇంటికి పో.”

“ఇవ్వకపోతే?”

“మొండికెయ్యకు. నువ్వు పల్లెటూరి బడిలో ఎక్కాలు బట్టీ పట్టినవాడివి. రెండొకట్లు రెండే అంటావు. లోకంలో అప్పుడప్పుడు మూడు కూడా అవుతుంది.” లేచి కిటికీ రెక్క కూడా మూశాడు. గొంతు మెత్తబడింది. “మీ ఆవిడ కేసు మళ్లీ తెరుస్తాను.”

మేకు కుడిచెయ్యి జేబులోంచి తియ్యలేదు.

“గుండెపోటు కొట్టేస్తా. గ్యాసని రాస్తా. ఆ మెకానిక్కు ఎక్కడున్నాడో నాకు తెలుసు. నీ ఎదుట కూర్చోబెట్టి ఒప్పిస్తా. ఇన్నేళ్లూ నువ్వు కోరుకున్నది అదేగా?”

“గ్యాసని నీకెలా తెలుసు? నువ్వు గదిలోకి పోలేదు.”

“పోలేదని నువ్వనుకున్నావు. నువ్వు వరండాలో పడున్నావు. ఆమెను బయటికి మోసుకొచ్చావు గానీ మళ్లీ లోపలికి పోలేదు. నేను పోయా. నీళ్లు పడుతూనే ఉన్నాయి. మంట వెలుగుతూనే ఉంది. పసుప్పచ్చగా, నాలిక వేలాడేసుకుని. ఆర్పింది నేనే. ఆ కాస్తకే తల పగిలిపోయింది నాకు. తెలియకేం మేకన్నా?”

“తెలిసి రాశావు.”

“గ్యాసని రాస్తే ఏజెన్సీ, లాయర్లు, కోర్టు చుట్టూ తిరుగుడు. గుండెపోటంటే ఒక్క సంతకం. పోయినావిడ రాస్తే లేచొస్తుందా?” అతను చెయ్యి చాచాడు. “ఇప్పుడు దిద్దుతానంటున్నాగా. తూకం వేసుకో. ఒకపక్క మీ ఆవిడ. ఒకపక్క ఎవడో ఆపరేటరు, ఒక ముక్క ఎర్ర దారం. ఏది బరువు?”

గదిలో గాలి ఆడటం లేదు. మేకు కళ్ల ముందు ఒక కాగితం కనిపించింది. దాని మీద గ్యాసు అని రాసుంది. ఇన్నేళ్లూ ఆ ఒక్క మాట కోసమే అన్నం తిన్నాడు. చెయ్యి చాస్తే అందుతుంది. ఎడమచెయ్యి జేబులోకి పోయింది. మడిచిన కాగితం బయటికి తీసింది. ఇన్‌స్పెక్టరు మొహం విప్పారింది.

మేకు మడత విప్పాడు.

“చూడు. దీని రంగేంటి?”

ఇన్‌స్పెక్టరు చూశాడు. చాచిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది.

“తెలుపు,” అన్నాడు మేకు. “నువ్వు ఎర్ర దారమన్నావు. అక్కడ వేలాడింది ఇదే. నువ్వు శవాన్ని చూడటానికొచ్చేసరికే ఇది ఉంది. ఎరుపు సంగతి తెలిసినవాళ్లలో ఒకడు చచ్చాడు. ఆయన చెల్లెలి గుమ్మం నువ్వు తొక్కలేదు. మేస్త్రి నీకు చెప్పలేదు. ఆపరేటరు రంగే ఎరగడు. ఇక మిగిలింది ఎర్రది కోసి తెల్లది కట్టినవాడు. నీకు టీ పోసినవాడు.”

“నువ్వు చెప్తే ఎవడు నమ్ముతాడ్రా? నీ మాట, నా మాట. అంతేగా!”

మేకు కుడిచెయ్యి బయటికి తీశాడు. అంచు కరిగిన సెట్టు. మీట మీద బొటనవేలు నొక్కి నొక్కి తెల్లబడిపోయింది.

“ఇది మంటల వైద్యుడిది. మీట వదలకుండా ఎలా పట్టుకోవాలో ఆయన నేర్పాడు.”

వేలు తీశాడు.

సెట్లో గరగర కూడా లేదు. ఫ్యాక్టరీ మొత్తం వింది. ఆ తర్వాత ఒక ముసలి గొంతు పలికింది. మీటింగు గదిలోంచి, నిన్నటినుంచి ఫ్యాక్టరీలోనే ఉన్న ఓనరుది.

“గేటు మూసెయ్యండి. మేనేజరు మెట్లు దిగుతున్నాడు, ఆపండి. పై అధికారులకి నేనే ఫోన్ చేస్తున్నా.”

ఇన్‌స్పెక్టరు రంగు వేసిన జుట్టు కింద చెవుల పక్కనుంచి చెమట నల్లగా కారింది. “నీ పెళ్లాం చావు ఊరందరికీ వినిపించావు,” అన్నాడు. “సిగ్గు లేదూ?”

మేకు తలుపు తెరుచుకుని బయటికొచ్చాడు.

గేటు దగ్గర గార్డు సెట్టు చేత్తో పట్టుకుని శిలలా నిలబడ్డాడు. పక్కన ఆపరేటరు. అతనికి నాలుగడుగుల ఎడంగా అతని భార్య. ఆమె ఎప్పుడొచ్చిందో. అంతా విన్నట్టే ఉంది. లోడుకొచ్చిన లారీ డ్రైవర్లు కూడా మేకుకి దారి వదిలి పక్కకి తప్పుకున్నారు. ఎవరూ అతని ముఖంలోకి చూడలేదు.

“నీ మొగుడు చంపలేదమ్మా,” అన్నాడు మేకు. “అంకె కదలనప్పుడు అనుమానపడ్డాడు. అయినా చంపేవాడి మాటే నమ్మాడు. నడిమధ్య మాటలొద్దన్నావు. ఉన్నది మాత్రం ఇదే. దీంతో ఎలా బతుకుతారో మీరు చూసుకోండి.”

 ఆమె మొగుడి దగ్గరికి పోలేదు. దూరంగానూ జరగలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మేకు వెంట రెండడుగులు వేసింది.

“బాబాయిగారూ... మా కోసం పిన్నిగారి కేసు...”

“ఆగు.”

ఆమె ఆగింది.

“పోలీసు పెద్దలొస్తారు. నన్ను కూర్చోబెట్టి చెప్పమంటారు. నీళ్లు ఎంతసేపు పడ్డాయి, మంట ఏ రంగు, తలుపు ఎవరు తీశారు అని. వాడు తన నోటితో చెప్పాడు, మీరంతా విన్నారు. కావాలంటే మీరు చెప్పుకోండి. ఆమె చావు ఒకసారి సాక్ష్యానికి పనికొచ్చింది. రెండోసారి నేను దాన్ని బయటికి తియ్యను.”

కరిగిన సెట్టు గార్డు చేతిలో పెట్టాడు. దాంట్లోంచి ఇంకా సన్నగా ఏదో పడుతూనే ఉంది. గార్డుకి వినపడినట్టు లేదు.

“ఎవరడిగినా సరే,” అన్నాడు మేకు. “ఆ తలుపు సంగతి నా నోట ఇదే ఆఖరు.”

గేటులోని చిన్న తలుపులోంచి తల వంచుకుని దూరి, రోడ్డెక్కాడు.